ఈతకొలను అడుగు దీపాలు: విద్యుత్ లోపాల నిర్ధారణ, మరమ్మతు

ఈతకొలను గోడలో నీటిమట్టానికి దిగువన అమర్చి, నీటిని లోపలి నుంచి వెలిగించే విద్యుద్దీపాన్ని నీటి అడుగు దీపం అంటారు. వాడుకలో దీని పేరు పూల్ లైటు. హోటళ్లు, క్లబ్బులు, క్రీడా సముదాయాలతో పాటు హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లోని గేటెడ్ కాలనీల కొలనుల్లోనూ ఇవి ఇప్పుడు మామూలే. అలంకారం మాట ఎలా ఉన్నా వీటి అసలు ప్రయోజనం భద్రత. చీకటి పడ్డాక కొలను అడుగు కనిపిస్తేనే మునిగిపోతున్న మనిషి ఒడ్డునున్న వారి కంటపడతాడు. అయితే తడిసిన ఒంటితో మనిషి ఉండే నీటిలోకే కరెంటు తీగను తీసుకెళ్లే పరికరం ఇది. అందుకే అది వెలగకపోతే బల్బు మార్చి ఊరుకోవడం సరిపోదు. లోపం చాలాసార్లు బల్బులో ఉండదు. నీరు చేరిన అతుకులోనో, వదులైన టెర్మినల్‌లోనో, గట్టిపడిపోయిన రబ్బరు గాస్కెట్‌లోనో ఉంటుంది. నీళ్లలో దిగకుండా, ఒడ్డు మీద వరుసగా తీసుకునే కొలతలతోనే దాన్ని చాలావరకు పట్టుకోవచ్చు.

నిర్మాణం

పూల్ లైట్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది తడి గూడు దీపం. కొలను గోడలో కాంక్రీటు పోసేటప్పుడే ఒక లోహపు లేదా ప్లాస్టిక్ గూడు అమరుస్తారు. దీపం ఆ గూడులో కూర్చుంటుంది, దాని చుట్టూ నీరు నిండి ఉంటుంది. రెండోది పొడి గూడు దీపం. ఇందులో గాజు పలక నీటిని ఆపుతుంది, బల్బును గోడ వెనుక నుంచి మారుస్తారు. మూడోది గూడు లేకుండా గోడకు నేరుగా బిగించే పలుచని దీపం. ఎల్ఈడీలు వచ్చాక ఈ మూడో రకం వేగంగా వ్యాపించింది.

తడి గూడు దీపంలో దీపం వెనుక కొన్ని అడుగుల కేబుల్ చుట్టగా ఉంటుంది. పైన ఉన్న ఒక్క స్క్రూ విప్పితే, కొలను ఖాళీ చేయకుండానే దీపాన్ని ఒడ్డు మీదికి లాగి పని చేసుకోవడానికే ఈ ఏర్పాటు. గూడు నుంచి కేబుల్ పైపులోంచి పైకి వచ్చి ఒడ్డు దగ్గరి జంక్షన్ బాక్సులో చేరుతుంది. ఆ బాక్సు నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు, అక్కడి నుంచి పంపు గదిలోని డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు లైను వెళుతుంది. ఈ పైపులో నీటిమట్టం దాకా నీరు ఉండడం సహజం. కాబట్టి గూడుకూ జంక్షన్ బాక్సుకూ మధ్య కేబుల్‌లో ఎక్కడా అతుకు ఉండకూడదు.

పాత దీపాల్లో ఎక్కువగా కనిపించేది పార్-56 బల్బు. దీని ముఖం వ్యాసం 7 అంగుళాలు. సాధారణంగా 12 వోల్టులు, 300 వాట్లు. దీని స్థానంలో అదే కొలతకు తయారైన ఎల్ఈడీ బల్బులు కొద్ది పదుల వాట్లతోనే పనిచేస్తాయి.

సరఫరా పద్ధతులు

నీటిలోని దీపానికి కరెంటు ఇవ్వడంలో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ప్రమాణం 60364లోని 702వ విభాగం కొలను పరిసరాలను జోన్లుగా విడదీస్తుంది. కొలను లోపలి భాగం జోన్ 0. అంచు నుంచి 2 మీటర్ల దాకా జోన్ 1. ఆపై మరో 1.5 మీటర్లు జోన్ 2. జోన్ 0లోని దీపాలకు ఏసీ అయితే 12 వోల్టులు, డీసీ అయితే 30 వోల్టులు మించకూడదు. ఆ తక్కువ వోల్టేజిని ఇచ్చేది సేఫ్టీ ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అయి ఉండాలి. అంటే 230 వోల్టుల చుట్టకూ 12 వోల్టుల చుట్టకూ మధ్య విద్యుత్ సంబంధం ఏమాత్రం ఉండకూడదు. వోల్టేజి తగ్గిస్తుంది కదా అని రెండు వైపులకూ ఒకే చుట్ట ఉండే ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌ను వాడడం ప్రాణాంతకం. భారతదేశంలో కొత్త కొలనులకు 12 వోల్టుల పద్ధతినే అనుసరించాలి. వైరింగుకు ఐఎస్ 732, ఎర్తింగుకు ఐఎస్ 3043, కరెంటు లీకేజీని గుర్తించి లైను తెంచే ఆర్‌సీసీబీలకు ఐఎస్ 12640 భారతీయ ప్రమాణాలు.

అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 680వ అధికరణం కింద 120 వోల్టుల దీపాలు కూడా చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. అక్కడి పాత ఇళ్ల కొలనుల్లో ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. టెక్సస్, ఫ్లోరిడా వంటి చోట్ల కొలనున్న ఇల్లు కొనుక్కునే తెలుగు కుటుంబాలు మొదట తెలుసుకోవలసింది తమ దీపం 12 వోల్టులదా, 120 వోల్టులదా అన్నదే. కింద చెప్పే పరీక్షలకు అర్థం ఈ ఒక్క విషయాన్ని బట్టి మారిపోతుంది.

నీటిలో షాక్, రక్షణ పరికరాల చరిత్ర

పొడి నేల మీద షాక్ కొట్టినప్పుడు చర్మం కొంత నిరోధం ఇస్తుంది. నీటిలో ఆ రక్షణ చాలావరకు పోతుంది. దీపం నుంచి లీకైన కరెంటు నీటిలో విస్తరించి, ఒక్కో చోట ఒక్కో వోల్టేజి ఏర్పడుతుంది. మనిషి శరీరంలోని ఉప్పు ద్రవాలకు మంచినీటి కంటే వాహకత ఎక్కువ కాబట్టి కరెంటు శరీరం గుండా దారి వెతుక్కుంటుంది. గుండె ఆగేంత కరెంటు కూడా అక్కర్లేదు. కండరాలు బిగుసుకుపోయి, కేకైనా వేయలేక మనిషి మునిగిపోతాడు. ఒంటి మీద కాలిన గుర్తు కూడా ఉండకపోవచ్చు. ఇలాంటి మరణాలు మామూలు మునకలుగా నమోదయ్యే అవకాశం ఉండడం ఈ ప్రమాదంలోని మరో విషాదం.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఛార్లెస్ డాల్జీల్ స్వచ్ఛంద సేవకులపై జరిపిన ప్రయోగాల్లో, పట్టుకున్న తీగను వదిలించుకోగలిగే కరెంటు పురుషుల్లో సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలలో 10.5 మిల్లీ ఆంపియర్లుగా తేలింది. ఆ అవగాహనతోనే ఆయన 1961లో గ్రౌండ్ ఫాల్ట్ సర్క్యూట్ ఇంటరప్టర్‌ను రూపొందించాడు. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా కనబడగానే లైను తెంచేయడం దాని పని. అమెరికా కోడ్ 1968లో ఈ పరికరాన్ని మొట్టమొదట తప్పనిసరి చేసింది నీటి అడుగు పూల్ లైట్లకే. స్నానాల గదులు, వంటిళ్లు ఆ తర్వాతే వచ్చాయి. అమెరికా పరికరం 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల మధ్య తెగుతుంది. మన దగ్గర మనుషుల రక్షణకు వాడే ఆర్‌సీసీబీ రేటింగు 30 మిల్లీ ఆంపియర్లు.

ఈ పరికరాలు ఉన్నా ప్రమాదాలు పూర్తిగా ఆగలేదు. 2014లో ఫ్లోరిడా రాష్ట్రంలోని నార్త్ మయామీలో ఒక ఏడేళ్ల బాలుడు సొంత ఇంటి కొలనులోనే పూల్ లైటు వైరింగ్ లోపం వల్ల చనిపోయాడు.

లోపాలకు మూలాలు

పూల్ లైటులో నీరు చేరడానికి పెద్ద కన్నం అక్కర్లేదు. దీపం వెలిగినంతసేపు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆర్పాక చల్లబడి సంకోచిస్తుంది. గాస్కెట్ సాగే గుణం కోల్పోయి ఉంటే, చల్లబడే ప్రతిసారీ లోపల ఏర్పడే తక్కువ పీడనం కొద్దికొద్దిగా నీటిని లాక్కుంటుంది. క్లోరిన్, ఎండ, వేడి కలిసి రబ్బరును గట్టిపరుస్తాయి. నీటి పీహెచ్ 7.2 కంటే తగ్గితే లోహపు రింగులు, స్క్రూలు తుప్పు పట్టడం వేగమవుతుంది.

కేబుల్ కూడా నీటిని మోస్తుంది. పై తొడుగు ఒక చోట చిట్లితే, లోపలి సన్నని రాగి పోగుల మధ్య నీరు దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు పాకుతూ పోయి, దూరాన ఉన్న జంక్షన్ బాక్సులో తేలుతుంది. బాక్సు తెరిచి చూస్తే టెర్మినల్ దగ్గర రాగి తీగ ఎరుపు పోయి నల్లగానో, పచ్చని పొడి పట్టినట్టుగానో ఉంటుంది. తొడుగును ఒక అంగుళం వెనక్కి కోసి చూడాలి. అక్కడ రాగి మెరుస్తుంటే తేమ బాక్సులోనే పుట్టింది. అక్కడా నల్లగానే ఉంటే నీరు కేబుల్ పొడవునా ప్రయాణించింది, కేబుల్ మొత్తం మార్చాల్సిందే.

మన దగ్గర తరచుగా కనిపించే మరో మూలం జంక్షన్ బాక్సు ఉన్న చోటు. కంటికి కనిపించకూడదని దాన్ని టైల్సు కింద గుంతలో పెడతారు. మొదటి పెద్ద వానకు గుంత నిండుతుంది. అమెరికా కోడ్ ఈ బాక్సును కొలను లోపలి గోడకు కనీసం 4 అడుగుల దూరంలో, ఒడ్డు నేలకు 4 అంగుళాలు లేదా గరిష్ఠ నీటిమట్టానికి 8 అంగుళాలు, ఏది ఎక్కువైతే అంత ఎత్తున పెట్టమంటుంది. ఈ నియమం మన వానాకాలానికి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

లక్షణాన్ని బట్టి లోపం

అసలు వెలగకపోవడం. కొలనులో రెండు మూడు దీపాలుండి అన్నీ ఒకేసారి ఆరిపోతే లోపం సరఫరా వైపు ఉంటుంది: ఎంసీబీ, టైమరు, కాంటాక్టరు లేదా ట్రాన్స్‌ఫార్మర్. ఒక్కటే ఆరిపోతే ఆ దీపం బల్బు, దాని కేబుల్, దాని కనెక్షన్ చూడాలి. పార్-56 ఫిలమెంట్ బల్బు ఆయుష్షు సుమారు 1,000 గంటలు. కాబట్టి బల్బు మాడిపోవడమూ సహజమే. కానీ కొత్త బల్బు కొద్ది రోజులకే పోతే తేమను, వోల్టేజిని అనుమానించాలి.

మసకగా వెలగడం. 12 వోల్టుల పద్ధతిలో ఇది ప్రధాన సమస్య. 300 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు తీసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దీపానికి దూరం 20 మీటర్లు, కేబుల్ 6 చదరపు మిల్లీమీటర్ల రాగి అనుకుందాం. వెళ్లి వచ్చే 40 మీటర్ల తీగ నిరోధం సుమారు 0.12 ఓమ్. ఆ తీగలోనే రెండు వోల్టులకు పైగా పోయి దీపానికి అందేది సుమారు 9.5 వోల్టులు. ఫిలమెంట్ వెలుగు వోల్టేజి కంటే చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి, ఆ దీపం ఇవ్వాల్సిన వెలుగులో సగం కూడా ఇవ్వదు. లావు తీగ వేయడం, ట్రాన్స్‌ఫార్మర్‌ను నిబంధనలు అనుమతించినంత దగ్గరికి తేవడం, 13 లేదా 14 వోల్టుల ట్యాపుకు మార్చడం ఇందుకు పరిష్కారాలు. ట్యాపు మార్చేటప్పుడు దీపం దగ్గర 12 వోల్టులు దాటకుండా కొలిచి చూసుకోవాలి. వోల్టేజిపై నిబంధన పెట్టిన హద్దునూ మీరకూడదు. అదే చోట 18 వాట్ల ఎల్ఈడీ పెడితే కరెంటు సుమారు 1.5 ఆంపియర్లే, తీగలో పోయేది దాదాపు 0.2 వోల్టు మాత్రమే. పాత కేబుల్‌తోనే మంచి వెలుగు రావడానికి ఇది సులభమైన మార్గం.

వదులైన టెర్మినల్ కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. 25 ఆంపియర్లు పారే చోట 0.05 ఓమ్ అదనపు నిరోధం ఉన్నా 30 వాట్లకు పైగా వేడి పుట్టి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తీగ తొడుగు పెళుసుబారుతుంది.

మినుకుమినుకుమనడం. ఫిలమెంట్ బల్బు అయితే వదులు కనెక్షన్. ఎల్ఈడీ అయితే ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను చూడాలి. 300 వాట్ల కోసం పెట్టిన కొన్ని ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లు అతి తక్కువ లోడుతో సక్రమంగా పనిచేయవు. వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. మామూలు ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఇబ్బంది తీరుతుంది. ఎల్ఈడీ కొన్ని నిమిషాలు వెలిగి ఆరి, చల్లబడ్డాక మళ్లీ వెలిగితే వేడి తట్టుకోలేక దాని డ్రైవరు ఆగిపోతోందని అర్థం. రంగులు మార్చే దీపాల్లో ఒక్కటి మాత్రం వేరే రంగు చూపిస్తే, తక్కువ వోల్టేజి వల్ల అది మధ్యలో ఆగి మళ్లీ మొదలై ఉండవచ్చు.

ట్రిప్ అవడం. ముందు ఏది ట్రిప్ అయిందో చూడాలి. ఎంసీబీ అయితే షార్ట్ సర్క్యూట్ లేదా ఓవర్‌లోడు. స్విచ్ వేసిన క్షణంలోనే అప్పుడప్పుడూ పడిపోతుంటే టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ మొదటి క్షణంలో లాగే పెద్ద కరెంటు కారణం కావచ్చు. అక్కడ బీ రకం బదులు సీ రకం ఎంసీబీ సరిపోతుంది.

ఆర్‌సీసీబీ అయితే లీకేజీ. 120 లేదా 230 వోల్టులు నేరుగా దీపానికి వెళ్లే పాత ఏర్పాటులో, వెంటనే ట్రిప్ అయితే దీపంలోనో కేబుల్‌లోనో నీరు చేరింది. కొన్ని నిమిషాలు వెలిగాక ట్రిప్ అయితే లోపలి కొద్ది తేమ వేడికి ఆవిరై వ్యాపిస్తోంది. వాన పడినప్పుడే ట్రిప్ అయితే జంక్షన్ బాక్సును ముందు తెరవాలి. దీపం స్విచ్ ఆపి ఉన్నా ఆర్‌సీసీబీ పడిపోతుంటే న్యూట్రల్, ఎర్త్ తగులుతున్నాయేమో చూడాలి, ఎందుకంటే మామూలు స్విచ్ ఫేజును మాత్రమే తెంచుతుంది.

ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 12 వోల్టుల పద్ధతిలో లెక్క వేరు. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత దీపం వైపు జరిగే లీకేజీ 230 వోల్టుల వైపున్న ఆర్‌సీసీబీకి కనిపించదు. కాబట్టి అక్కడ ఆర్‌సీసీబీ ట్రిప్ అయితే దీపాన్ని పైకి లాగడం వృథా శ్రమ. లోపం ట్రాన్స్‌ఫార్మర్‌లోనో, దానికి వచ్చే లైనులోనో ఉంది. ఈ పద్ధతిలో ఆర్‌సీసీబీ నిలబడి ఉంది కదా అని దీపం పొడిగా ఉందనుకోవడమూ పొరపాటే.

జలదరింపు. నీటిని, నిచ్చెనను, కైపిడిని తాకినప్పుడు సన్నగా జిల్లుమంటే వెంటనే అందరినీ బయటికి రప్పించి, కొలనును మూసేయాలి. ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ ఆపి వోల్టేజి కొలుస్తాడు. మెయిన్ ఆపినా నీటికీ ఒడ్డుకూ మధ్య వోల్టేజి కనబడితే, అది దీపం తప్పు కాకుండా బయటి సరఫరా న్యూట్రల్ ద్వారానో, పొరుగు నుంచి భూమిలోంచో వస్తూ ఉండవచ్చు. అది విద్యుత్ పంపిణీ సంస్థకు చెప్పవలసిన విషయం. కొలను చుట్టూ ఉన్న లోహ భాగాలన్నిటినీ, కాంక్రీటులోని ఇనుప చువ్వలతో సహా, రాగి తీగతో ఒకదానికొకటి కలిపే బాండింగ్ ఇలాంటి వోల్టేజి తేడాలను లేకుండా చేయడానికే. ఎర్త్ రాడ్ ఉన్నంత మాత్రాన బాండింగ్ ఉన్నట్టు కాదు.

పరీక్షా క్రమం

ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ది. కొలనులో ఎవరూ లేకుండా చూసి, ఎంసీబీ ఆపి, దానికి తాళం వేసి, పని జరుగుతోందని బోర్డు తగిలించాకే మొదలుపెట్టాలి. స్క్రూడ్రైవరులో ఉండే నియాన్ టెస్టరును నమ్మకూడదు. అది పట్టుకున్న వ్యక్తి శరీరాన్నే సర్క్యూట్‌లో భాగం చేస్తుంది. మంచి మల్టీమీటరును ముందు తెలిసిన సరఫరా మీద పరీక్షించి, ఆ తర్వాత పనిచేసే చోట కొలిచి, మళ్లీ తెలిసిన సరఫరా మీద సరిచూసుకోవాలి.

వోల్టేజి కొలిచేంతసేపు మాత్రమే సరఫరా తిరిగి ఇవ్వాలి. మొదట బోర్డులో 230 వోల్టులు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్, తర్వాత అవుట్‌పుట్ కొలవాలి. అవుట్‌పుట్‌ను దీపం కలిపి ఉన్నప్పుడే కొలవాలి. ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపించి, లోడు పడగానే కుంగిపోయే ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఆపై జంక్షన్ బాక్సు. ఎక్కడిదాకా వోల్టేజి సరిగా ఉందో, ఎక్కడ పోయిందో, ఆ రెంటి మధ్యే లోపం ఉంటుంది. బాక్సులో సరైన వోల్టేజి ఉండి, క్లాంప్ మీటరు కరెంటు సున్నా చూపితే బల్బు గానీ కేబుల్ గానీ తెగింది.

తర్వాత సరఫరా మళ్లీ ఆపి, తాళం వేసి, దీపం తీగలను బాక్సులో విడదీసి నిరోధం కొలవాలి. 12 వోల్టుల 300 వాట్ల ఫిలమెంట్ వెలుగుతున్నప్పుడు 0.48 ఓమ్ ఉన్నా, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. మీటరు దాదాపు సున్నా చూపిస్తే షార్ట్ అని తొందరపడి తేల్చకూడదు. ఎల్ఈడీల విషయంలో ఈ కొలతకు అర్థమే లేదు.

చివరిది తీగల ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మెగ్గర్ పరీక్ష. 12 వోల్టుల సర్క్యూట్‌కు 250 వోల్టుల డీసీతో కనీసం 0.5 మెగా ఓమ్, 230 వోల్టుల సర్క్యూట్‌కు 500 వోల్టుల డీసీతో కనీసం 1 మెగా ఓమ్ రావాలి. ఎల్ఈడీ, ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ కలిపి ఉంచి మెగ్గర్ తిప్పితే అవి పాడవుతాయి.

మరమ్మతు

దీపాన్ని ఒడ్డు మీదికి తెచ్చాక, రింగు విప్పేముందు బయటి నీరంతా తుడవాలి. అప్పుడే లోపలి నీరు ఏదో, బయటి నీరు ఏదో తెలుస్తుంది. తెరిచిన ప్రతిసారీ కొత్త గాస్కెట్ వేయాలి. నొక్కుకుపోయిన పాతది తిప్పి వేసినా మునుపటిలా అతుక్కోదు. క్లాంపు స్క్రూలను ఒక వైపే పూర్తిగా బిగించకుండా, ఎదురెదురువి కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. గూడులో పెట్టేముందు దీపాన్ని కొన్ని నిమిషాలు నీటిలో ముంచి పట్టుకుని, బుడగలు వస్తే మళ్లీ విప్పాలి. పాత ఫిలమెంట్ దీపాన్ని ఒడ్డు మీద వెలిగించి చూడకూడదు. దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే. రెసిన్‌తో పూర్తిగా మూసిన ఎల్ఈడీ దీపంలో నీరు కనిపిస్తే తెరిచి అతికించే ప్రయత్నం మానేసి, కేబుల్‌తో సహా మార్చాలి. కొత్త కేబుల్‌ను పాత కేబుల్ కొసకు కట్టి పైపులోంచి లాగుతారు. టేపు చుట్టిన అతుకును పైపులోకి నెట్టడం ఏ పరిస్థితుల్లోనూ తగదు.

అన్నిటికంటే తీవ్రమైన తప్పు, పదేపదే ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీని బైపాస్ చేయడం. దీపం వెలుగుతుంది, ఫిర్యాదులు ఆగిపోతాయి. లీకేజీ మాత్రం కొలనులోని పిల్లల మధ్యనే ఉంటుంది. లోపం తేలేదాకా దీపాన్ని విడదీసి, రాత్రి ఈతను ఆపేయడమే సరైన నిర్ణయం.

ప్రమాద సమయంలో

నీటిలో ఎవరైనా హఠాత్తుగా బిగుసుకుపోతే వెంటనే దూకకూడదు. కాపాడబోయిన వారూ అదే కరెంటుకు చిక్కుకుంటారు. ముందు మెయిన్ ఆపాలి. తర్వాత పొడి కర్రతో లేదా ఫైబర్ గడతో ఒడ్డుకు లాగి, శ్వాస లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 108కు ఫోన్ చేయాలి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో కాపలాదారుకు, లైఫ్‌గార్డుకు, కాలనీ నిర్వాహకులకు ముందే తెలిసి ఉండాలి. ఆ గదికి తాళం వేస్తే తాళంచెవి కొలను దగ్గరే ఉండాలి.

నిర్వహణ

ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి. అది పరికరం తెగుతుందో లేదో చెబుతుంది గానీ ఎర్త్, బాండింగ్ సరిగా ఉన్నాయని చెప్పదు; వాటిని ఏడాదికోసారి విడిగా కొలిపించాలి. వానాకాలానికి ముందు జంక్షన్ బాక్సులు తెరిచి చూడాలి. మెగ్గర్ రీడింగులను తేదీతో పాటు పుస్తకంలో రాసిపెట్టడం అన్నిటికంటే ఉపయోగకరమైన అలవాటు. ఒక దీపానికి నిరుడు 50 మెగా ఓమ్‌లు వచ్చి ఈసారి 2 వస్తే, ప్రమాణం ప్రకారం అది ఇంకా ఉత్తీర్ణమే; కానీ లోపల నీరు చేరడం మొదలైందని ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే తెలిసిపోతుంది. ఆ దశలో గాస్కెట్ మార్చడంతో సరిపోవచ్చు. ఆలస్యమైతే కేబుల్, దీపం రెండూ మార్చాలి, అంతకాలం ఈతగాళ్లు ఆ ముప్పు పక్కనే ఈదుతూ ఉంటారు.